ఊరనీ

తుఫాను పోయిన ఆరో నాడు
షెల్టరు పై అంతస్తులో
పదమూడు మందిమి, పదకొండు కుర్చీలు.
బరంపురం నుంచి వచ్చిన మినతి పాఢి
బోర్డు మీద ఒడియాలో ఒక మాట రాసి కొట్టేసింది:
కాంద నాహీ.
"దీన్ని మీ తెలుగులో ఏమంటారు?"

ఊరుకో, అన్నాం ఒక్క గొంతుతో
చర్చి రూతమ్మ, గంగాదేవి దాసుడు మల్లేసు,
అంగన్‌వాడీలో పప్పు వండే నేను.
అదీ రాసి, అదీ కొట్టేసింది.
ఏడుపు నోరు నొక్కడంలో
రెండు భాషలూ తోబుట్టువులే.

ఆ రోజు ఇంకా చాలా కొట్టేయించింది.
"దేవుడి రాత" దగ్గర రూతమ్మ మొహం మాడ్చుకుంది.
"నీకింకా ఇద్దరు పిల్లలున్నారు కదా."
"మా ఇంట్లో అయితే ఇంతకన్నా..."
ప్రార్థన చెయ్యొచ్చా అని ఎవరో అడిగారు.
"వాళ్లు అడిగితే. వాళ్ల దేవుడికి. వాళ్ల మాటల్లో."

బోర్డు నిండా గీతలే మిగిలాక మల్లేసు లేచాడు:
"మాటలన్నీ మీరే లాగేసుకుంటే
వట్టి నోళ్లతో ఏటి సేస్తామమ్మా మేం?"
"కూర్చోండి" అంది.
తిట్టిందనుకుని కూర్చున్నాడు.
"కాదు. నేను చెప్పిన జవాబే అది."

మధ్యాహ్నం చీటీలు తీశాం.
నాకు 'వినే మనిషి' వచ్చింది,
మల్లేసుకి 'ఇల్లు పోయిన ముసలమ్మ'.
తువ్వాలు పైటలా కప్పుకుని
అందర్నీ నవ్విస్తూ ఏడుపు మొదలెట్టాడు,
ఆపలేకపోయాడు.
అది ఏ ఏటి తుఫానుదో నేనడగలేదు.
నా చెయ్యి మాత్రం దానంతట అదే లేచింది
ఊరుకో అనడానికి.
కోడిపెట్టను పట్టుకున్నట్టు
ఒళ్లో అదిమి పెట్టుకున్నాను.

తొమ్మిదో నాడు తవిటమ్మ దగ్గరికి వెళ్లాను.
బాహుదా మొగ దాటి వెళ్లిన తెప్ప
మూడు ముక్కలుగా తిరిగొచ్చింది.
గురయ్య రాలేదు.
శవం లేని ఇంట్లో
పదకొండో రోజు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలో తెలియక
ఊరు ఊరంతా ఆ వాకిలి తప్పించుకు తిరుగుతోంది.

తవిటమ్మ ఇసకలో చెలమ తవ్వుతోంది.
పేటలో నూతులన్నీ ఉప్పయ్యాయి.
పక్కన కూర్చున్నాను.
బురద నీళ్లు తోడి పారబోసింది,
మళ్లీ ఊరాయి, మళ్లీ పారబోసింది.
ఉండబట్టలేక నేను చెంబు ముంచబోతే
మణికట్టు పట్టుకుంది.
"ఆగెహె. ఊరనీ."

మోకాళ్ల మీద గడ్డాలు పెట్టుకుని
ఇద్దరం ఆ గుంటలోకే చూశాం.
ఇసక దిగింది.
నీళ్లు ముందు బూడిద రంగు,
తర్వాత పలచన,
తర్వాత ఏ రంగూ లేదు.
అప్పుడంది, నాతో కాదు, చెలమతో:

"టార్చిలైటు మర్సిపోయాడు.
నాను సూసినాను, గూట్లోనే ఉంది.
ముందురేత్రి దెబ్బలాడుకున్నాం కదా,
పిలవలేదు.
సీకట్లోనే పోనీ అనుకున్నాను."

నీ తప్పేముందే అని
నాలిక చివరిదాకా వచ్చింది.
ఆ మాట బోర్డు మీద లేదు,
నేనే కొట్టేసుకున్నాను.
సముద్రం ఒక్కటే ఏదో చెబుతూ పోయింది.
దానికి ట్రైనింగు లేదు.

ఆమె ఇంకేమీ అనలేదు. చెంబుతో
పైపై నీళ్లు, కలక లేవకుండా,
ఒక్కో చెంబూ బిందెలోకి వంచింది.
నిండేసరికి పొద్దు పోయింది.

మినతి గారిచ్చిన ఫారంలో ఒక గడి ఉంది:
మీరు ఏం చెప్పారు?
అందులో ఏం రాయాలా అనుకుంటూ లేచాను.

తవిటమ్మ లోపలికి వెళ్లి
టార్చి తెచ్చి నా చేతిలో పెట్టింది.
"దారంతా మేకులు, రేకు ముక్కలు.
పట్టుకెళ్లు.
రేపు తెచ్చియ్యి."

బ్యాటరీ నీరసంగా ఉంది.
రెండడుగుల ఇసక, పసుప్పచ్చగా,
నాకన్నా కొంచెం ముందు
నడిచింది.